తంగేడుకి పూచీపడ్డవాడు

దుర్ముఖి నామ సంవత్సరం, వైశాఖ మాసం. ఆ ఏడు ఉగాది పచ్చడి తిన్న నాటినుంచే ఎండలు ముదిరాయి.

మొరంకొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. చిన్నదే. ఎడ్లబండి మీద పొద్దున్నే బయలుదేరితే దీపాలు పెట్టే వేళకి ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేరకి చేరొచ్చు. కానీ దాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజు తన రాజ్యం చిన్నదని ఏనాడూ ఒప్పుకోలేదు. ఆయన ఊరేగింపు బయలుదేరితే బోయీలు పల్లకిని ప్రతి వీధీ రెండేసి సార్లు చుట్టు తిప్పి మొయ్యాలి. తెరలు దించుకుని లోపల కూర్చున్న రాజుగారికి దారి పొడుగ్గా ఉన్నట్టు తోచాలి కదా!

ఆయనకి రెండు పిచ్చులు. ఒకటి తీర్పులు చెప్పడం, రెండోది పూలతోట.

తీర్పుల పిచ్చి ఎంతదంటే, మనుషుల తగాదాలు చాలక ఆయన కనబడ్డ ప్రతిదానిమీదా విచారణ జరిపేవాడు. ఒకసారి భుజం మీద బల్లి పడింది. దానికి దేశ బహిష్కారం. ఇంకోసారి పడమటి గాలి వచ్చి దర్బారులో దీపం ఆర్పింది. దానికి నెల రోజుల ప్రవేశ నిషేధం. ఆ నెలంతా పడమటి తలుపులు మూసి, కొలువులో ఉన్నవాళ్ళందరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. గొడుగు మీద పడిన మామిడిపండుని జైల్లో పెట్టించాడు. తెల్లారేసరికి ఖైదీ లేదు. కాపలావాళ్ళ మూతులు మాత్రం పచ్చగా ఉన్నాయి.

తోట పిచ్చి ఇంకా పెద్దది. ఓడల మీద వచ్చే వర్తకుల దగ్గర పేరు తెలియని దూరదేశపు మొక్కలు తెప్పించి, కోట వెనక నాటించాడు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బిరుదు. రాజరంజని, స్వర్ణసుందరి, మేఘమాలిని. ఒక్కొక్కదానికి చలువపందిరి, పట్టుగొడుగు, ఆ గొడుగు పట్టుకోవడానికి ఒక మనిషి. తోట పెత్తనం భుజంగరావు గారిది. ఆయన మొక్కల శాస్త్రం చదివినవాడు. మట్టి ముట్టుకోవలసి వస్తే జేబురుమాలు చేతికి చుట్టుకునేవాడు.

ఇంత వైభవానికీ నీళ్ళెక్కడివి? కోట కింది పేటలో ఉన్న పెద్దబావి నుంచి వచ్చేవి. పేట జనానికి తాతల నాటినుంచి అదే తాగునీటి బావి. తోట పెరిగిన కొద్దీ బావి మీద మోటలు పెరిగాయి. ఎడ్లు పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా తోలుసంచులతో నీళ్ళు లాగుతూనే ఉండేవి. ఆ తరవాత అడుగున మిగిలిన బురదనీళ్ళు పేటవాళ్ళవి. ఆ వైశాఖంలో అదీ పోయింది. పేటవాళ్ళు బావిలో చేద వెయ్యరాదని ఆజ్ఞ అయింది. ఆడవాళ్ళు కోసెడు దూరం నడిచి వాగు ఇసుకలో చెలమలు తీసి, గరిటెతో తోడి బిందె నింపుకొచ్చేవారు.

రాజుగారి కొలువులో కోనప్ప అని ఒక ముసలాయన ఉండేవాడు. మాట చమత్కారానికి పెట్టింది పేరు. రాజుని నవ్వించడం ఆయన ఉద్యోగం. మొండితనం మాత్రం సొంతం. కోటలో మేడ ఇస్తానని రాజు ఎన్నిసార్లు అన్నా కదల్లేదు. "నేను పేటలో పుట్టాను ప్రభూ. నా నవ్వు అక్కడి నీళ్ళతో ఊరుతుంది. మేడలో కాపురం పెడితే మీకే నష్టం" అనేవాడు.

ఒకనాడు కొలువులో ఆయన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, పెద్దబావి పేటకి..."

"నా తోట ఎండిపోవాలా?" అన్నాడు రాజు.

"తోట చస్తే మళ్ళీ నాటుకోవచ్చు ప్రభూ."

"చాలు! నా రాజ్యం పరువంతా ఆ తోటలో ఉంది. ఇకమీదట నా ఎదట బావి మాట ఎత్తావంటే కొలువులోనే కాదు, ఈ రాజ్యంలోనే ఉండవు. నవ్వించేవాడివి నవ్వించు."

కోనప్ప ఆ పూట నవ్వించలేదు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. భార్య పేరమ్మ వాగునుంచి అప్పుడే వచ్చి బిందె దించుతోంది.

"ఏమయ్యా, అడిగావా?"

"అడగబోయాను. నోరు కుట్టేశాడు."

"నీ నోరే? కుట్టే సూది ఇంకా పుట్టలేదనుకున్నానే!" అంటూ ఆమె ముంతతో నీళ్ళిచ్చింది. ముంతలో సగం ఇసుక.

ఆ మర్నాడే ఉద్దండవర్మ తోటలో షికారుకి బయలుదేరాడు. ముందు వింజామరలు, వెనక కొలువువారు, అందరికంటే వెనక కోనప్ప. రాజు రాజరంజని పందిరి కిందికి వంగి అడుగుపెట్టాడో లేదో, పక్కనుంచి ఒక కొమ్మ సాగి ఆయన తురాయికి తగులుకుంది. తలపాగా ఒరిగి చెవి మీదికి జారింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవడు వీడు?" అని గర్జించాడు రాజు.

భుజంగరావు ముఖంలో నెత్తురు లేదు. పందిరి నీడలో, కాలవ పక్కన, నిలువెత్తు పొద ఒకటి ఆకులు విరబోసుకుని నిలబడి ఉంది. మట్టి వైపు చూసే అలవాటు లేక ఆయన దాన్ని ఇంతవరకు గమనించనే లేదు.

"తంగేడు, మహాప్రభూ. బీళ్ళలో పెరిగే పిచ్చికంప. పశువులు కూడా మూతి పెట్టవు. ఇప్పుడే పీకిస్తాను."

"పీకిస్తావా? విచారణ లేకుండానే? నా రాజ్యంలోనా?" రాజు కళ్ళు మెరిశాయి. "కొలువు ఇక్కడే తీర్చండి!"

సింహాసనం తోటలోకి వచ్చింది. రాయసం రాసే గుమాస్తా ఘంటం సవరించుకున్నాడు. ముద్దాయి మీద నేరాలు చదివారు. అనుమతి లేకుండా రాజు తోటలో చొరబడడం ఒకటి, రాజు నీళ్ళు దొంగతనంగా తాగడం ఒకటి, రాజు శిరస్సుని తాకడం మరొకటి.

"ముద్దాయి తరఫున పూచీ ఎవరు?" అని రాజు నలుగురినీ చూశాడు.

అందరూ నేల చూపులు చూశారు. ఎందుకంటే మొరంకొండలో పూచీ పడడమంటే మాటలు కాదు. పూచీదారే ముద్దాయికి నోరు. ముద్దాయి శిక్ష అనుభవించినన్నాళ్ళూ అతను పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గూకేదాకా పక్కనే తలపాగా లేకుండా కూర్చోవాలి. శిక్ష ముగియకముందే ముద్దాయి చస్తే నేరం రుజువైనట్టు, పూచీదారు సంసారంతో సహా రాజ్యం విడిచిపోవాలి. ముద్దాయి బతికి బయటపడితే మాత్రం నిర్దోషి. అప్పుడు అతని కోరిక ఒకటి రాజు తీర్చి తీరాలి. ఈ చివరి మాట రాజుగారి తాతగారు పెట్టింది. దానితో ఇంతవరకు ఎవరికీ పని పడలేదు. ముద్దాయిలందరూ పూచీదారులతో కలిసి మొదటి వారంలోనే పొలిమేర దాటి పారిపోయేవారు.

కోనప్ప పందిరి కింద నిలబడ్డ ఆ పొదని ఎగాదిగా చూశాడు. ఒక్క పువ్వు లేదు. నీడలో, తడిలో ఊరికే పొంగిపోయి ఆకు పెంచింది. మేడలో కాపురం పెట్టిన పేటవాడిలా ఉంది అనుకున్నాడు. ఆ వెంటనే ఆయనకి ఇంకొకటి తోచింది.

"నేను ప్రభూ. దీనికి నేను పూచీ."

"నువ్వా! పారిపోయే తోవ చూసుకున్నావా?"

"నేను పారిపోవచ్చు ప్రభూ, కాళ్ళున్నాయి. ముద్దాయిని చూడండి. మీ ఏలుబడిలో శిక్షకి భయపడి పారిపోని ముద్దాయి ఇదొక్కటే."

రాజుకి ఆ మాట నచ్చింది. మీసం దువ్వుకుని పొద వైపు తిరిగాడు.

"నా తోటలో ఎందుకు చొరబడ్డావు?"

కోనప్ప పొద దగ్గర చెవి పెట్టి విన్నట్టు విని లేచాడు. "తాను చొరబడలేదట. కోట కట్టకముందు నుంచీ తన వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారట. తోటే తన మీదికి వచ్చి పడిందట."

"పొగరు! నీళ్ళు తాగావా, లేదా?"

"తాగాను అంటోంది ప్రభూ. అడిగి తాగలేదట, కాలవలో వచ్చి కాళ్ళమీద పడ్డాయట. పైగా ఆ నీళ్ళు తాగినప్పటినుంచీ ఒంట్లో బాగాలేదంటోంది."

"నా నీళ్ళు తాగి ఒంట్లో బాగాలేదా!" రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. భుజంగరావు చెవులు మూసుకున్నాడు. కోనప్ప చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఎవరూ నమ్మలేదు.

"ప్రభూ, ఒక్క మనవి" అన్నాడు కోనప్ప. "తమ ధర్మం ముందు పెద్దా చిన్నా లేదని లోకమంతా చెప్పుకుంటుంది. నీళ్ళ దొంగకి మన రాజ్యంలో ఏ శిక్ష ఉందో దీనికీ అదే వెయ్యండి. నోరులేని మొక్క కదా అని రవ్వంత తగ్గించినా రేపు మనిషి దొంగలు నవ్వుతారు."

"తగ్గించడమా? నేనా? గుమాస్తా, నీళ్ళ దొంగకి శిక్ష చదువు!"

గుమాస్తా చదివాడు. "తల గొరిగించవలెను. నీడన నిలవనియ్యరాదు. చుక్క నీరు ముట్టనియ్యరాదు. నెత్తిన బూడిద పోయవలెను. గాడిదలతో ఊరేగించవలెను. ఇది శ్రావణ పున్నమి వరకు."

"అంతా అమలు చెయ్యండి. ఒక్కటి తప్పినా ఊరుకోను" అన్నాడు ఉద్దండవర్మ.

ఆస్థాన మంగలి కత్తి పట్టుకుని వచ్చి పొద చుట్టూ తిరిగాడు. తల ఎక్కడ మొదలవుతుందో ఆయనకి అంతు పట్టలేదు. చివరికి కొడవలి తెప్పించి మోకాలెత్తున మిగిల్చి కొమ్మలన్నీ కొట్టేశారు. నీడన ఉండరాదు కాబట్టి రాజరంజనినీ దాని పందిరినీ పక్కకి జరిపారు. నీళ్ళు తగలరాదు కాబట్టి కాలవ మళ్ళించి, తంగేడు చుట్టూ గట్టు పోశారు. వంటశాల నుంచి బూడిద తట్టలు వచ్చాయి. గాడిదల దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ముద్దాయి గాడిదెక్కలేదు. ముద్దాయే కదలనప్పుడు గాడిదలే దాని చుట్టూ తిరగాలని రాజు తీర్పు సవరించాడు. చాకలివాళ్ళ గాడిదల్ని తోలుకొచ్చి పూటపూటా తిప్పారు. గాడిదలు తిరిగినంతసేపు తిరిగి, తమ దగ్గర ఉన్నదేదో అక్కడ విడిచి వెళ్ళేవి.

కోనప్ప తలపాగా తీసి పక్కన పెట్టి, మొరం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాపలాకి పోలయ్య అనే భటుణ్ణి పెట్టారు.

మొదటి రోజుల్లో కోనప్పకే ధైర్యం చాలలేదు. బీట్లో పుట్టిన తంగేడయితే దిగులు లేదు. దాని వేరు ఎప్పుడో పాతాళానికి దిగి ఉంటుంది. ఇది కాలవ పక్కన సుఖం మరిగింది. వేళ్ళు పైపైనే తిరుగుతున్నాయో ఏమో! మిగిలిన నాలుగాకులూ పసుపుబారి రాలిపోయాయి. ఇక అక్కడ ఉన్నది బూడిద కొట్టుకున్న మోడు.

మధ్యాహ్నం పేరమ్మ మజ్జిగ ముంత తెచ్చింది. మోడుని చూసి నోరు నొక్కుకుంది.

"ఏమయ్యా, చచ్చినట్టుందే! పోలయ్య అటు తిరిగి కునుకుతున్నాడు. ముంతలో మిగిలింది ఇంత పోస్తే ఎవరు చూస్తారు?"

"పొయ్యకు."

"ఇది చస్తే మనం మూటాముల్లె కట్టుకోవాలి. ఈ వయసులో ఎవరి ఊరికి పోతాం? పేటవాళ్ళకి ఆ బురదనీళ్ళ ఆశ కూడా పోతుంది."

"ఒక్క చుక్క పోస్తే వేరు పైకి చూస్తుంది పేరీ. దప్పిక ఉంటేనే అది కిందికి పోతుంది. పోనీ."

"అది పోతుందో, నువ్వు పోతావో!"

"నేనూ ఇక్కడే పుట్టాను, అదీ ఇక్కడే పుట్టింది. ఎవరు ముందు ఓడతామో చూద్దాం. వెళ్ళు, చెలమ దగ్గర వంతు పోతుంది."

ఆమె గొణుక్కుంటూనే పోయింది. మర్నాటినుంచి మజ్జిగ ముంతలో చుక్క మిగలకుండా తాగేదాకా ఎదురుగా నిలబడి, ఖాళీ ముంత బోర్లించి పోలయ్యకి చూపించి మరీ వెళ్ళేది.

జ్యేష్ఠం వచ్చింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం రాజు పల్లకి అటుగా వచ్చింది. తెర తొలగించి చూస్తే కోనప్ప ముఖం కాలిన కుండలా ఉంది. ఎంత డాబుసరి రాజైనా, తనని ఇన్నేళ్ళు నవ్వించిన మనిషి. ఉద్దండవర్మకి జాలేసింది.

"కోనప్పా, నీకొక గొడుగు ఇప్పిస్తాను. ఆ మోడుకి కూడా కుండెడు నీళ్ళు పోయించుకో. నా దయ అనుకో."

"వద్దు ప్రభూ."

"రాజు దయ వద్దంటావా?"

"మీ దయ గొప్పదే. కానీ శిక్ష సడలించారని తెలిస్తే మొరంకొండ రాజు మాటకి తిరుగు లేదని ఇకమీదట ఎవరంటారు? మీ మాట నిలబడితే చాలు ప్రభూ. మేం కూర్చుని ఉంటాం."

రాజుకి గర్వంతో ఛాతీ ఉబ్బింది. "చూశారా! శిక్ష పడ్డవాడు కూడా నా తీర్పుని మెచ్చుకుంటున్నాడు" అని బోయీలతో అంటూ సాగిపోయాడు.

పల్లకి కనుమరుగయ్యాక కోనప్ప మెల్లగా వంగి మోడు మొదట్లోకి చూశాడు. ఆ ఉదయమే ఆయన కంటపడింది. కొడవలి తెగ్గొట్టిన ప్రతి చోటా, బూడిద కింద నుంచి, బియ్యపు గింజంత పచ్చన. ఒక్క కొమ్మ నరికిన దగ్గర నాలుగేసి. ఆయన ఎవరికీ చెప్పలేదు. పేరమ్మకి కూడా చెప్పలేదు. మళ్ళీ బాసింపట్టు వేసుకుని, ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

ఆషాఢంలో మబ్బులు వచ్చినట్టే వచ్చి, నాలుగు చినుకులు రాల్చి కొండ దాటిపోయాయి. అటుపక్క తోటలో భుజంగరావు అవస్థ చెప్పనలవి కాదు. మేఘమాలిని ఆకులు ముడుచుకుంటే నీళ్ళు చాల్లేదని రెట్టింపు పోయించాడు. వేరు కుళ్ళింది. స్వర్ణసుందరికి ఎండదెబ్బ అని రెండో పందిరి వేయించాడు. తెల్లపురుగు పట్టింది. పెద్దబావిలో మోట సంచులు రాయికి తగిలి చప్పుడు చెయ్యడం మొదలెట్టాయి. ఇంత చిరాకులోనూ ఆయన చూపు ఒకనాడు తంగేడు మీద పడింది.

"ఏమోయ్ కోనప్పా, ఇది ఇంకా చావలేదేం?"

"శిక్ష సరిగ్గా పడ్డంలేదేమో భుజంగరావు గారూ."

"అదీ నిజమే. ఒరేయ్, గాడిదల్ని ఇంకో రెండు మందలు తెండి! పూటకి రెండింతలు తిప్పండి! బూడిద కూడా పెంచండి!"

పోలయ్య నవ్వు ఆపుకోలేక బల్లెం చాటున మొహం పెట్టుకున్నాడు. అతనూ పేటవాడే.

శ్రావణ పున్నమి రానే వచ్చింది. పొద్దున్నే ఉద్దండవర్మ కొలువు సమేతంగా తోటకి వచ్చాడు. గుమాస్తా, భటులు, భుజంగరావు వెంట ఉన్నారు. తోట గోడ అవతల పేట జనమంతా మూగి ఉన్నారు. కోనప్పని ఆ సాయంత్రం పొలిమేర దాటిస్తారేమోనని కొందరి చేతుల్లో సద్దిమూటలు కూడా ఉన్నాయి.

రాజు గుమ్మం దాటి ఆగిపోయాడు.

తంగేడు నిండా విరగబూసి ఉంది. ఆకు కనబడడం లేదు. ప్రతి కొమ్మ కొసనా గుత్తులు గుత్తులుగా పచ్చటి బంగారం. తేనెటీగలు రొద పెడుతున్నాయి. ఎండ పడుతుంటే పొద కాలుతున్నదా అన్నంత వెలుగు. దాని పక్కన కోనప్ప నల్లగా, బక్కగా, నిటారుగా కూర్చుని ఉన్నాడు.

అటుపక్క రాజరంజని ఎండుపుల్లగా మారి చాలా రోజులైంది. గొడుగు దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పనివాడు మాత్రం ఆ పుల్ల మీద పట్టుగొడుగు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మోసం!" అన్నాడు రాజు. "ఎవడో చాటుగా నీళ్ళు పోశాడు."

పోలయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు. "పొద్దు గూకిందాకా నేను, తెల్లారిందాకా ఇంకొకడు, కాపలా తప్పలేదు మహాప్రభూ. ఆ ముసలమ్మ మజ్జిగ ముంత కూడా బోర్లించి చూపించేది."

"తవ్వండి!"

తవ్వారు. జానెడు లోతు, మూరెడు లోతు, మట్టి పొడిపొడిగా గాలికి ఎగిరింది. ఇంకా కిందికి పోతే తంగేడు తల్లివేరు బొటనవేలంత లావున మొరాన్ని చీల్చుకుని దిగిపోతోంది. దాని అంతు చూడడం ఎవరి తరమూ కాలేదు.

"గారడీ ప్రభూ" అన్నాడు భుజంగరావు.

రాజు ఆయన వైపు చూడలేదు. పుల్ల మీది గొడుగుని చూశాడు, పూల పొదని చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"కోనప్పా, నేను గొడుగు పట్టించినవన్నీ చచ్చాయి. నేను తల కొట్టించింది పూసింది. దీనికి అర్థమేమిటి? భయం లేకుండా చెప్పు."

కోనప్ప మోకాళ్ళ మీద చెయ్యి వేసి లేచాడు. లేవడానికి కొంచెం సేపు పట్టింది.

"అవి మీ దయ మీద బతికేవి ప్రభూ. నీళ్ళు అడుగంటితే మీ దయా అడుగంటింది, అవీ పోయాయి. ఇది ఈ మొరం మీద బతికేది. పేటలో మేమంతా ఈ జాతివాళ్ళమే. మీ తాతగారి యుద్ధాలు చూశాం, మీ తండ్రిగారి పన్నులు చూశాం, తమరి తీర్పులు చూస్తున్నాం. ఏటేటా తల కొట్టించుకుంటూనే ఉన్నాం. ఏటేటా పూస్తూనే ఉన్నాం."

గుమాస్తా ఘంటం పైకెత్తి అలాగే పట్టుకున్నాడు, రాయాలో వద్దో తెలియక. రాజు మీసం అదిరింది.

"శిక్ష ముగిసింది. ముద్దాయి నిర్దోషి" అన్నాడు చివరికి. "మా తాతగారి మాట ప్రకారం కోరిక కోరుకొమ్మను. దాని నోరు నువ్వే కదా."

కోనప్ప పొద దగ్గర చెవి పెట్టాడు. ఒక తేనెటీగ ఆయన ముక్కు మీద వాలి లేచిపోయింది.

"తనకి నీళ్ళు వద్దంటోంది ప్రభూ. పందిరి వద్దు, గొడుగు వద్దు, బిరుదు అసలే వద్దు. కానీ ఎవరికీ అక్కరకి రాని నీళ్ళ కోసం ఎడ్లు పగలంతా మోట లాగుతుంటే చూడలేకుండా ఉందట. మోటలు విప్పించి, పెద్దబావిని పేటకి వదిలెయ్యమంటోంది."

"కోనప్పా!" రాజు వేలు చూపించాడు. "నా ఎదట బావి మాట ఎత్తొద్దని చెప్పానా, లేదా?"

"చెప్పారు ప్రభూ. నేను ఇవాళ్టిదాకా ఎత్తానా? ఎత్తింది నిర్దోషి. కావాలంటే దానిమీద ఇంకో కేసు పెట్టండి. మళ్ళీ తల కొట్టించండి. వచ్చే ఏడు ఇంకా బాగా పూస్తుంది."

ఉద్దండవర్మ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. అనబోయింది కడుపులో ఎక్కడో తిరగబడి నవ్వై బయటికొచ్చింది. తలపాగా మళ్ళీ చెవి మీదికి జారింది. ఈసారి దాన్ని సర్దుకోవడం కూడా మరిచి, సింహాసనం చెయ్యి మీద బాదుతూ పగలబడి నవ్వాడు. రాజు నవ్వితే కొలువు నవ్వాలి. కొలువు నవ్వింది. గోడ అవతల పేట అంతకంటే గట్టిగా నవ్వింది.

కళ్ళు తుడుచుకుని రాజు లేచి నిలబడ్డాడు.

"గుమాస్తా, రాయి! పెద్దబావి ఈ క్షణం నుంచి పేటది. ఇంకొకటి రాయి. ఈ తోటనంతటినీ దోషిగా తీర్మానిస్తున్నాం. నీళ్ళ దొంగకి పడే శిక్షే దీనికీను. ఈ నేలమీద పుట్టినవి తప్ప ఇంకేవీ ఇందులో ఉండరాదు. ఉన్నవాటికి నీడ లేదు, నీళ్ళు లేవు."

"చిత్తం. పూచీ ఎవరని రాయమంటారు?" అన్నాడు గుమాస్తా.

"భుజంగరావు!"

భుజంగరావు జేబురుమాలు కిందపడింది. తీసుకోవడానికి వంగి ఆయన మొదటిసారి మట్టి ముట్టుకున్నాడు.

రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి కోనప్పకి స్వయంగా కప్పాడు. తన సొంత గొడుగు పట్టించి, మంగళవాద్యాలతో పేటదాకా సాగనంపించాడు. పెద్దబావి దగ్గర ఎడ్లని కాడినుంచి విప్పారు. మొదటి చేద పేరమ్మ వేసింది. పైకొచ్చిన నీళ్ళు ముంతలో పోసి మొగుడి చేతికిస్తూ, "తాగు. ఇసుక లేదు" అంది.

ఆ వేసవి ఎండకి కోనప్ప ఎడమ కంటికి మసక కమ్మింది. దసరా నాటికి ఆ కన్ను పూర్తిగా పోయింది, మళ్ళీ రాలేదు.